చలికి అర టికెట్టు లేదు



జనవరిలో పిల్లలతో కొడైకెనాల్ పోయి రెండు రాత్రులు గుడారాల్లో ఉండి వద్దామని మన సంఘంలో అనుకున్నప్పటి నుంచి గ్రూపులో ఒకటే మాట, స్లీపింగ్ బ్యాగులు. ఒకరు లింకు పెట్టినారు. అందరికీ ఒకేసారి ఆర్డరిస్తే ధర తగ్గుతుందని ఇంకొకరు అన్నారు. బ్యాగు మీద "5 డిగ్రీల వరకు" అని రాసే ఉంది కదా, ఇంకేం చూడాల అని అడిగినారు. చూడాల్సింది ఉంది. గ్రూపులో నాలుగు ముక్కల్లో తేలే మాట కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. కొంచెం పొడుగైనా చదవండి, పోయేది మన పిల్లోళ్లు.

ముందు చలి లెక్క. మన బాగలూరు, హోసూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉన్నాయి. డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో 12, 13 డిగ్రీలకు దిగడం మనకు కొత్త కాదు. కొడైకెనాల్ ఎత్తు సుమారు 2,100 మీటర్లు. వెయ్యి మీటర్లు పైకెక్కితే 6 డిగ్రీలు, అటూ ఇటూగా, తగ్గుతుంది. మనకు 13 ఉన్న పొద్దు అక్కడ 5, 6 అనుకోవాల. మబ్బు లేని రాత్రి, గాలాడని పల్లంలో అంతకన్నా తక్కువ. చల్లగాలి బరువైంది, నీళ్ల మాదిరి పల్లానికి జారి అక్కడే నిలుస్తుంది. ఊటీలో గడ్డి మీద ఉప్పు చల్లినట్టు తెల్లగా మంచు పేరుకునేది కూడా ఎక్కువగా పల్లాల్లోనే. ఏలగిరి అయితే 1,100 మీటర్లే, మన మిద్దె మీద పడుకున్నట్టే ఉంటుంది. చిన్నపిల్లలకు మొదటిసారి కదా, ఏలగిరే మేలని నా ఓటు. కానీ పిల్లలంతా కొడై అంటున్నారు, వాళ్ల ఓట్లే ఎక్కువ.

ఇక ఆ "5 డిగ్రీలు". నేను తమిళ మీడియంలో చదివినవాణ్ణి. ఇంగ్లీషు కాగితం చేతికొస్తే నిదానంగా, ఒక్కో అక్షరం చూసుకుంటూ చదువుతాను. అందుకే చిన్న అక్షరాలు నా కంటికి తప్పవు. మంచి కంపెనీ బ్యాగుల లేబుల్ మీద మూడు అంకెలు ఉంటాయి: కంఫర్ట్, లిమిట్, ఎక్స్‌ట్రీమ్. కంఫర్ట్ అంటే హాయిగా నిద్ర పట్టే చలి. లిమిట్ అంటే ముడుచుకొని ఎట్లనో తెల్లారేదాకా గడిపే చలి. ఎక్స్‌ట్రీమ్ అంటే నిద్ర మాట దేవుడెరుగు, ఆరు గంటలు ప్రాణం నిలిస్తే చాలనే చలి. అమ్మేవాళ్లలో కొందరు మూడింటిలో తక్కువ అంకెను పెద్దక్షరాల్లో అచ్చేస్తారు. మన గ్రూపులోకి వచ్చిన లింకులో ఒకే అంకె ఉంది. అది మూడింటిలో ఏదో ఎక్కడా రాయలేదు.

అసలు సంగతి ఇంకొకటుంది. ఈ అంకెలకు ఆధారం ఐఎస్ఓ 23537 అనే అంతర్జాతీయ ప్రమాణం. దానికి ముందు యూరపులో ఈఎన్ 13537 ఉండేది. కంఫర్ట్ అంకెకు లెక్కలోకి తీసుకునేది పెద్ద వయసు ఆడమనిషిని, సుమారు 25 ఏండ్లు, 60 కిలోలు. పరీక్ష చేసేది మనిషి ఆకారంలో ఉండే వేడి బొమ్మ మీద. చిన్నపిల్లల బ్యాగులకు ఈ ప్రమాణం వర్తించదని అందులోనే రాసినారు. పిల్లల ఒంటికి సరిపడే లెక్క లేదు, నిద్రపోయే పిల్లల్ని చలిగదిలో పెట్టి పరీక్షించడం ధర్మం కాదు, అందుకని. న్యాయమైన మాటే. కానీ దాని అర్థం ఏమి? పిల్లల బ్యాగు మీద ఎవరు ఏ అంకె వేసినా, ఈ ప్రమాణం దానికి పూచీ పడదు.

రైల్వేలో 5 నుంచి 12 ఏండ్ల పిల్లలకు, బెర్తు అడగకపోతే, అర టికెట్టు. చలికి ఆ రూలు లేదు. లోటాలో కాఫీ ఇట్టే చల్లారుతుంది, అండాలో నీళ్లు తొందరగా చల్లారవు. పిల్లల ఒళ్లు లోటా. బరువుకు తగినదానికన్నా చర్మం ఎక్కువ, వేడి ఆ దోవనే పోతుంది. నా మనవరాలికి 5 ఏండ్లు, 17 కిలోలు, మూడున్నర అడుగులు. చలివేస్తే లేపి చెప్పే పిల్ల కాదు, మోకాళ్లు కడుపులోకి ముడుచుకొని అట్లనే పడుంటుంది. మీ ఇండ్లలోనూ ఇట్లాంటివాళ్లు ఉంటారు.

కాబట్టి అంకె పక్కన పెట్టి కొలత చూడండి. స్లీపింగ్ బ్యాగు వేడి పుట్టించదు, ఉన్న వేడిని పోనీయదు, ఫ్లాస్కు మాదిరి. పెద్దవాళ్ల బ్యాగు దగ్గర దగ్గర ఏడడుగులు. అందులో మూడున్నర అడుగుల పిల్ల పడుకుంటే కాళ్ల కింద సగం బ్యాగు ఖాళీ. ఆ ఖాళీలోని చల్లగాలినంతా ఆ చిన్న ఒళ్లే వెచ్చ చేయాల. "ఇంకో నాలుగేండ్లు పనికొస్తుంది" అని బడి యూనిఫారం మాదిరి పెద్దది కొనేవాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోండి. పిల్ల ఎత్తుకన్నా జానెడు, జానెడున్నర ఎక్కువ ఉంటే చాలు. ఇంట్లో పెద్ద బ్యాగు ఉంటే పారేయొద్దు, పాదాల కింద మిగిలింది మడిచి తాడుతో గట్టిగా కట్టేయండి, సరిపోతుంది.

బ్యాగుకన్నా ముఖ్యమైంది కింద పరిచేది. దీన్ని నేను ఏ లేబుల్ చదివీ నేర్చుకోలేదు. మా చిన్నప్పుడు రాగి కోతలయినాక కల్లం కాడ కాపలాకు నాయన మమ్మల్నీ తీసుకుపొయ్యేవాడు. ముగ్గురు పిల్లలకు కలిపి ఒకటే కంబళి. అదీ చిల్లులు పడింది. అయినా కల్లంలో చలికి ఏడ్చిన గుర్తు లేదు, యాలంటే నాయన ముందు రాగిగడ్డి మూరెడు మందాన పరిచి, దాని మీద గోనెసంచులు వేసి, అప్పుడు పడుకోమనేవాడు. తుమ్మితే గడ్డి నూగు ముక్కులోకి పొయ్యేది, అది వేరే కథ. బ్యాగులో దూది మన ఒంటి బరువుకు కింద అణిగిపోతుంది. అణిగిన దూదిలో గాలి నిలవదు, గాలి లేకపోతే వెచ్చదనం లేదు. నేల ఒంట్లో వేడిని లాగేస్తుంది. గాలి ఊదే పరుపులు చాలని కొందరు అనుకుంటున్నారు. మామూలు గాలి పరుపులో లోపలి గాలే చల్లబడి తిరుగుతుంటుంది, దాని మీద ఏమీ పరచకుండా పడుకుంటే వీపు మంచు. ముందు మందం ఫోమ్ మ్యాటు, దాని మీద మడతేసిన కంబళి, దాని మీద బ్యాగు. మన సంతల్లో కురుబలు నేసిన నల్ల కంబళి ఇంకా దొరుకుతుంది. పిల్లల మీద కప్పితే బరువు, గుచ్చుకుంటుంది. కిందికి దానికి సాటి లేదు.

లోపలి దూది గురించి అడిగినారు. బాతు నూగు తేలిక, వెచ్చన, ధర ఎక్కువ. కానీ తడిస్తే ముద్దయిపోతుంది. కొడైలో మంచు, మసక, తడి. దాంతో పాటు ఎవరూ గ్రూపులో రాయని మాట ఒకటుంది: ఐదారేండ్ల పిల్లలు పక్క తడుపుతారు, చలిలో మరీ. పాలిస్టర్ దూది బ్యాగు తడిసినా కొంత వెచ్చదనం నిలుపుకుంటుంది, ఉతకడమూ సులభం. కాబట్టి పిల్లలకు అదే తీసుకోండి. పడుకునే ముందు ప్రతి పిల్లనూ ఒకసారి బయటికి తీసుకుపోవాల్సింది అమ్మలే అని రూలు లేదు, నాన్నలూ లేవచ్చు.

జిప్పు పిల్ల లోపలి నుంచి తనే తీసుకోగలగాల. మెడ దగ్గర బిగించే తాడున్న బ్యాగు చిన్నవాళ్లకు వద్దు. ముఖం ఎప్పుడూ బయటే ఉండాల. ఏడాది నిండని బిడ్డను ఈ బ్యాగుల్లో అసలు పడుకోబెట్టొద్దు, ఊపిరాడకపోయే ప్రమాదం ఉంది. మన సంఘంలో ఇద్దరు చంటిబిడ్డలున్నారు. వాళ్లు, వాళ్ల అమ్మలు గదిలోనే ఉండేటట్టు చూద్దాం.

స్వెట్టరు మీద స్వెట్టరు వేసి బ్యాగులో దూర్చొద్దు. చెమట పడితే లోపలి బట్ట తడుస్తుంది, అర్ధరాత్రి దాటినాక ఆ తడే వణికిస్తుంది. పగలంతా ఆడిన బట్టలు విప్పి పొడివి వేయండి, తలకు టోపీ, కాళ్లకు మేజోళ్లు. వెచ్చగా ఉన్నారా లేదా అని చెయ్యి పట్టి చూడొద్దు, చేతులు ఎప్పుడూ చల్లగానే ఉంటాయి. మెడ వెనక తాకి చూడండి. చల్లగా ఉంటే ఇంకో దుప్పటి, చెమ్మగా ఉంటే ఒకటి తీసేయండి. వణుకుతున్న పిల్ల వణుకు ఆపి మత్తుగా, మాట ముద్దగా అయితే తెల్లారేదాకా చూడొద్దు, వెచ్చని చోటికి చేర్చి డాక్టరు దగ్గరికి పోవాల.

కుంపటి మాట కూడా గ్రూపులో వచ్చింది. బొగ్గులు గుడారంలోకి గానీ గదిలోకి గానీ వద్దే వద్దు. 2024లో కొడైలోనే బార్బెక్యూ బొగ్గుల పొగకు నిద్రలోనే యువకులు పోయిన వార్త మనమంతా చదివినాం. ఆ విషవాయువుకు వాసన ఉండదు.

ఆర్డరు ఒక వారం ఆపమని ట్రెజరరు తమ్ముణ్ణి అడిగినాను, సరేనన్నాడు. ఈ శనివారం రాత్రి పిల్లలున్నవాళ్లు మా మిద్దె మీదికి రండి. ఉన్న బ్యాగులు, మ్యాట్లు, కంబళ్లు తెచ్చుకోండి, టేపు నా దగ్గర ఉంది. ఒక్కో పిల్ల ఎత్తు రాసుకుందాం. ఇక్కడి 13 డిగ్రీల్లోనే ఏ బ్యాగు చాలకపోతే అది కొడైకి రాదు. రెండు గంటలకొకసారి లేచి మెడలు తాకి చూసే డ్యూటీ నాది, రైల్వేలో నైట్ డ్యూటీ చేసినవాణ్ణి, నిద్ర నాకు కొత్తగా చెడేదేమీ లేదు. టిఫినుకు మా ఇంట్లో రాగి దోసె.