అతుకు ఎటు వాలాలి?

కెంటకీ రాష్ట్రం పడమటి కొసన, టెనెసీ నది వచ్చి ఒహాయో నదిలో కలిసే చోట ఉంది పడూకా. ఊరు చిన్నదే గానీ, క్విల్టులు కుట్టేవాళ్ళలో దాని పేరు తెలియనివారు అరుదు. బిల్, మెరెడిత్ ష్రోడర్ దంపతులు 1991లో ఇక్కడ క్విల్ట్ మ్యూజియం తెరిచారు. 2013లో యునెస్కో ఈ ఊరిని హస్తకళలు, జానపద కళల సృజన నగరాల్లో చేర్చింది. నాష్‌విల్‌లో ఉంటున్న మా అమ్మాయి రెండు గంటలు కారు నడిపి నన్నక్కడికి తీసుకెళ్ళింది.

మ్యూజియంలో మొదట రంగులే లాగుతాయి. కాసేపయ్యాక చూపు మూలల మీదికి పోతుంది. ఎనిమిది కోసుల నక్షత్రంలో కోసులన్నీ నడిమధ్య ఒక్క చుక్క దగ్గర కలిశాయి. అక్కడ గుబ్బ లేదు, ముడత లేదు.

మన బొంత పని వేరు. పాత చీరలు పొరలుగా పరిచి, అన్నిటినీ కలిపి పొడుగ్గా కుట్లు వేసుకుంటూ పోతాం. క్విల్టుకి పై బట్ట ముందు విడిగా తయారవుతుంది. చిన్న ముక్కల్ని ఒకదానికొకటి అతికాకే కింద దూది పొర, దాని కింద అస్తరు పెట్టి మూడింటినీ కలిపి కుడతారు. ఒక్కో అతుకు వెనకా రెండు వైపులా పావు అంగుళం బట్ట మిగులుతుంది. పూర్తయిన క్విల్టుని తిరగేసినా అది కనిపించదు. కానీ పైన మూలలు కలవడమూ కలవకపోవడమూ చాలావరకు దాని చేతిలోనే ఉంది. ఆ సంగతి ఊళ్ళోని ఓ కుట్టు తరగతిలో బోధపడింది.

నేర్పే ఆవిడ డెబ్బై దాటిన మనిషి. రెండున్నర అంగుళాల చదరాలు రెండు, ముదురుదొకటీ లేతదొకటీ, కలిపి కుట్టింది. విప్పకుండా ముందు ఆ కుట్టు మీదే ఇస్త్రీ పెట్టె ఆనించింది. దారం బట్టలోకి దిగి సర్దుకుంటుందట. తర్వాత ముదురు ముక్క పైకి వచ్చేలా పెట్టి, దాన్ని వెనక్కి తెరిచి, బయటి వైపు నుంచే మళ్ళీ ఆనించింది. మిగులు బట్ట ముదురు వైపు వాలింది. లేత వైపు వాలితే పైకి నీడలా కనిపిస్తుంది.

పెట్టెని ఆనించి ఎత్తడమే, రుద్దకూడదు. చొక్కా మీద లాగినట్టు లాగితే క్రాస్‌గా కోసిన త్రికోణాల అంచులు సాగిపోతాయి. ఆవిరి పట్టిస్తే ఇంకా తొందరగా సాగుతాయి. అలాగని అతుకు పూర్తిగా తెరుచుకోకపోయినా చిక్కే. తొమ్మిది ముక్కల వరసలో ఎనిమిది అతుకులుంటాయి. ఒక్కోచోట అంగుళంలో పదహారో వంతు మడతలో చిక్కుకుంటే వరస మొత్తం అర అంగుళం పొట్టవుతుంది. పక్క వరసతో ఇక కలవదు.

తర్వాత రెండు జతల్ని ఎదురెదురుగా పెట్టింది. ఒకదాని మిగులు కుడికి, రెండోదానిది ఎడమకి వాలి ఉన్నాయి. వేళ్ళతో జరిపితే రెండు రెక్కల తలుపు గాడిలో పడినట్టు అతుకులు ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. గుండుసూది లేకుండానే కుట్టింది, మూల కలిసింది. రెండూ ఒకే వైపు వాలితే అక్కడ బట్ట దొంతరగా పేరుకుని, మిషను పాదం కింద పక్కకి జారుతుంది. అందుకే బేసి వరసలన్నీ ఒక వైపు, సరి వరసలన్నీ రెండో వైపు వాలుస్తారు. ముదురు నియమానికీ దీనికీ తగువొస్తే దీనిదే పైచేయి. అప్పుడు ముదురు మిగులుని వెంట్రుకవాసి తక్కువగా కత్తిరిస్తే నీడ కనిపించదు.

మరి ఆ నక్షత్రం? ఎనిమిది కోసులు కలిసే చోట అన్నీ ఒకే పక్కకి వాలిస్తే గుబ్బ తేలుతుంది. అందుకని కొందరు అతుకుని నడిమికి విప్పి, మిగులుని చెరో వైపూ పరుస్తారు. చదునుగా వస్తుంది, కానీ దానికీ ఖరీదుంది. చివర మూడు పొరలూ కలిపేటప్పుడు సరిగ్గా అతుకు గీత మీదే కుట్టు వేయాలనుకుంటే సూది కింద బట్ట ఉండదు, అతుకు దారమే ఉంటుంది. అది తెగొచ్చు. పక్కకి వాల్చిన అతుకుకి ఆ భయం లేదు.

ఏది మంచిదని అడిగాను. ఆ అతుకు మీదికి తర్వాత ఏ అతుకు రాబోతోందో చెప్పు, అప్పుడు చెబుతానంది. అని తను కుట్టబోయే నమూనా కాగితం చూపించింది. గళ్ళ మధ్య ప్రతి గీత పక్కనా ఒక చిన్న బాణం, మిగులు ఎటు వాలాలో చెబుతూ. నాకు తెలిసిన దర్జీ పనిలో ఇస్త్రీ ఎక్కువగా చివరి మెరుగు. ఆవిడ ఇంకా బట్ట మీద కత్తెర పెట్టలేదు, ఇస్త్రీ లెక్క మాత్రం అప్పటికే తేల్చేసింది.