సీసా మూత మీద స్వగృహ

ఆ పెరుగు గిన్నె గోడ మీద పెట్టి, చేతిలో కాగితం ఇటివ్వమ్మాయ్. లేబులేనా? ఆగు, కళ్లజోడు తెచ్చుకుంటా... వద్దులే. నీ సీసాలు కొనేవాళ్లలో నా వయసువాళ్లూ ఉంటారు, కళ్లజోడు లేకుండానే తెలియాలి.

ఇది కరివేపాకు పొడి అని నువ్వు చెప్తే తెలిసింది! పెళ్లిపత్రికల ఫాంటు పెట్టారే. బాపుగారి చేతిరాతలా ఉంటుందని అందరికీ ఇష్టమే, నాకూ ఇష్టమే. చందానగర్‌లో డీటీపీ షాపు నడిపినన్నాళ్లూ అందులో ఎన్ని శుభలేఖలు కొట్టానో. వద్దంటున్నదీ అందుకే. గృహప్రవేశం, ఓణీల ఫంక్షను, ఉపనయనం, అన్నిటికీ అవే అక్షరాలు. నీ పొడి ఎవరిదో పెళ్లి పిలుపులా కనిపిస్తే ఏం లాభం?

‘స్వగృహ’ అని పెట్టుకున్నావుగా, ఫాంటు సత్తా ఆ ఒక్క మాటతోనే తేలిపోతుంది. స కింద వ వత్తు, గ కి వట్రసుడి. ఇంగ్లీషు అక్షరాలు బుద్ధిగా ఒకే వరుసలో కూర్చుంటాయి. మనకి పైన గుడులు, కింద వత్తులు. ఇంతే ఎత్తున్న స్టిక్కర్లో అన్నీ పట్టించాలంటే అసలు అక్షరమే చిక్కిపోతుంది. అందుకని కొందరు వత్తుల్ని పైకి నొక్కేస్తారు, చూడు, ఇక్కడ అదే జరిగింది. పోనీ అని మరీ లావు ఫాంటు పెట్టావనుకో, ఇంకో తంటా. ప కి తలకట్టు విడిగా ఉంటుంది, వ కి అంటుకుని ఉంటుంది. సైజు తగ్గేసరికి ఆ సందు పూడుకుపోయి పచ్చడి కాస్తా వచ్చడి అవుతుంది. నవ్వకు, చూశాను గనకే చెప్తున్నా.

డబ్బు పెట్టి కొనాలేమోనన్న బెంగ కూడా అక్కర్లేదు. గూగుల్ ఫాంట్స్‌లో రాయలవారి సభంతా కొలువుంది: పెద్దన, తిమ్మన, ధూర్జటి, రామభద్ర, తెనాలి రామకృష్ణ, సాక్షాత్తూ శ్రీకృష్ణదేవరాయలు కూడా. 2013 ప్రాంతంలో తయారైనవి, సిలికానాంధ్ర వాళ్లు అందరికీ ఇచ్చేశారు. వ్యాపారానికి వాడుకున్నా రూపాయి కట్టక్కర్లేదు, ఫాంటునే విడిగా అమ్ముకోకూడదంతే. పెద్దన పుస్తకాలకి బాగుంటుంది. రామభద్ర లావుపాటిది, బోర్డు మీద నిండుగా ఉంటుంది.

నీకైతే బాలూ తమ్ముడు చూడమంటాను. అవును, ఫాంటు పేరే! ఏక్ టైప్ వాళ్లది. తెలుగుకి తమ్ముడు, తమిళానికి తంబి, గుజరాతీకి భాయ్, పంజాబీకి పాజీ. ఒక్కో లిపికి ఒక్కో వరస కలిపారు. గుండ్రంగా, బొద్దుగా ఉంటుంది, ఇంగ్లీషు అక్షరాలు కూడా అదే పోలిక. అది నీకు ముఖ్యం. లేబుల్ మీద తప్పనిసరి వివరాలు హిందీలోనో ఇంగ్లీషులోనో ఉండాలి, తెలుగు దానికి అదనం. పైగా మన హఫీజ్‌పేట్ అపార్ట్‌మెంట్లలో తెలుగు చదవడం రానివాళ్లు ఎంతమంది లేరు! వాళ్లూ పొడి తింటారు. తెలుగులో ఒక షాపు, ఇంగ్లీషులో ఇంకో షాపు అన్నట్టు ఉండకూడదు కదా.

పేరుకి అది సరే. దినుసులు, బరువు, తేదీలకి మాత్రం సన్నగా, శుభ్రంగా ఉండేది చాలు. హింద్ గుంటూరు అని ఒకటుంది, పేరులోనే కారం! మూడో ఫాంటు జోలికి పోకు. ఎవరైనా ముచ్చటపడి పెడతానన్నా వద్దను.

ఏదైనా స్క్రీన్ మీద చూసి ఊఁ అనేయకు. అసలు సైజులో ప్రింటు తీయించి సీసాకి అతికించి, వంటింటి షెల్ఫులో పెట్టి గుమ్మం దగ్గర్నుంచి చూడు. వాట్సాప్ డీపీ గుండ్రంలోనూ పెట్టి చూడు. నీ ఆర్డర్లన్నీ అక్కడే కదా, అంత చిన్న బొమ్మలో స్వగృహ మొత్తం పట్టదు. ‘స్వ’ ఒక్కటే పెట్టుకున్నా చాలు, వత్తు మాత్రం తెగకుండా చూసుకో.

ఇక ప్రింటు షాపువాళ్ల సంగతి. వాళ్లలో చాలామంది ఇంకా అను ఫాంట్లలోనే కొడతారు, నేనూ ఆ కాలపు దాన్నే. అచ్చుకి ఏ లోటూ లేదు. కానీ అది యూనికోడ్ కాదు. అక్కడ కొట్టింది తెచ్చి వాట్సాప్‌లో వేస్తే పిచ్చి గుర్తులొస్తాయి. యూనికోడ్ ఫాంటే అడుగు. ఫోటోషాప్‌లో చేస్తే వత్తులు విడిపోతున్నాయని అక్కడి అబ్బాయి అంటే ఫాంటుని తిట్టకండి, సెట్టింగుల్లో కంపోజర్ మార్చాలి. వరల్డ్ రెడీ అని ఉంటుంది, అది పెడితే సర్దుకుంటుంది.

డబ్బులిచ్చే ముందు రెండు ఫైళ్లు అడిగి తీసుకో. అక్షరాల్ని కర్వ్స్ చేసింది, అంటే గీతల బొమ్మగా మార్చింది ఒకటి, ఏ ప్రెస్సుకి పట్టుకెళ్లినా చెదరదు. మామూలుగా మార్చుకోగలిగేది ఇంకొకటి. అది లేకపోతే ఎండుమిర్చి ధర పెరిగినప్పుడల్లా, ఒక్క అంకె మార్పించుకోవడానికి ఫ్లైఓవరెక్కి వాడి షాపు దాకా పోవాలి, వాడేమో రేపు రమ్మంటాడు.