ఊపిరియు నిలుకడయు

బీదరులో స్థిరపడిన తెలుగు కుటుంబములలో మాదియు నొకటి. మేము గుమాస్తాగిరి చేసి విరమించినవారము. ఉద్యోగకాలమంతయు బీడీ మాకు విడనాడని తోడు. తత్ఫలితముగా దీర్ఘకాలిక శ్వాసకోశవ్యాధి సంక్రమించినది. వైద్యులు దానిని సీవోపీడీ యందురు. మా పేటలో 'దమ్ము' అన్న ఒక్కమాటతో సరిపెట్టెదరు.

దమ్ము గలవాడు కదలరాదని మేము నమ్మితిమి. వాకిట కుర్చీ వేయించుకొని, పాలకును కూరలకును మనుమని పంపుచు రెండేండ్లు గడపితిమి. 2022 కార్తికమాసమున ఒక వేకువజామున గడప దాటుచు, కాలికి ఏమియు తగులకయే, ప్రక్కకు ఒరిగి పడితిమి. మణికట్టు విరిగినది. నాటినుండి ఇంటివారు మమ్ము స్నానాలగదికి సైతము ఒంటరిగా పోనీయరైరి.

కట్టు కట్టిన వైద్యులు మమ్ము ఒంటికాలిపై నిలువుమనిరి. రెండు లెక్కించులోపల గోడ పట్టుకొంటిమి. "పెద్దాయనా, ఊపిరిని దాచుకొనబోయి కాళ్లు పోగొట్టుకొన్నారు" అని వారు నవ్విరి. మాకు నవ్వు రాలేదు.

వారు చెప్పిన కారణములు ఇవి. ఆయాసమునకు వెరచి కూర్చున్నవాని తొడకండరములు క్షీణించును. అవి క్షీణించినకొలది, స్వల్పశ్రమకే ఆయాసము హెచ్చును. మొండెమును నిటారుగా నిలుపు కండరములలో కొన్ని ఊపిరికిని తోడ్పడును. అవి ఊపిరిపనిలో మునిగినపుడు నిలుకడ తప్పును. పడుదుమను భయము మనుష్యుని మరల కుర్చీకే కట్టివేయును.

ఊపిరితిత్తుల రోగులకు వ్యాయామము క్రొత్తమాట కాదు. 1895లోనే అమెరికా వైద్యుడు చార్లెస్ డెనిసన్ దానిపై పుస్తకము వ్రాసెను. 2013లో కెనడాలోని టొరంటో పరిశోధకులు, సీవోపీడీ రోగుల వ్యాయామశిక్షణకు నిలుకడ అభ్యాసములను జతచేసి ఆరువారములు చేయించగా, నిలుకడ మెరుగుపడెనని ప్రకటించిరి.

మా అభ్యాసము సామాన్యమైనది. చేతులూనక కుర్చీనుండి పదిమారులు లేచి కూర్చుండుట. గోడచెంత ఒంటికాలిపై నిలుచుట. మడమను రెండవకాలి వ్రేళ్లకు ఆనించుచు గీతవెంబడి నడచుట. ముక్కుతో గాలి పీల్చి, పెదవులు సున్నాగా చుట్టి మెల్లగా వదలుదుము. ప్రక్కన ఒకరు ఉండవలెను. తల తిరిగినను, రొమ్ము నొచ్చినను, తక్షణమే ఆపవలెను. వైద్యుని అనుమతి లేక ఎవరును ఆరంభింపరాదు.

తరువాత చౌబారానుండి మహమూద్ గవాన్ మదరసావరకు నడక సాగించితిమి. 1472 నాటి ఆ కట్టడపు రెండు మీనార్లలో ఒకటి కూలినది. మిగిలినది ఒంటరిగా నిలిచియున్నది. దానిని చూచినప్పుడెల్ల మా గోడచెంత అభ్యాసము జ్ఞప్తికి వచ్చును.

ఊపిరితిత్తులు బాగుపడలేదు, అవి ఇక బాగుపడవు. కాని కాళ్లు తిరిగివచ్చినవి. మొన్న మనుమడు ఝరణీ నరసింహస్వామి దర్శనమునకు రమ్మని పట్టుపట్టెను. అచ్చట గుహలో రొమ్ములోతు నీటిలో నడువవలెను. ఆ నీటి ఒత్తిడి మావంటి రోగికి తగదు. మేము గుహవాకిటనే నిలిచి, వాని పొడిబట్టలు పట్టుకొంటిమి. వాడు తడిసి నవ్వుచు వచ్చువరకు కూర్చుండలేదు. ఎవరి భుజమును ఆనుకొనలేదు.

మన కుటుంబములలో దమ్ముతో కుర్చీకి అంటుకొన్న పెద్దలు పలువురు కలరు. వారిని కూర్చుండబెట్టుటయే సేవయని తలంపకుడు. చేయి అందించి నిలువబెట్టుడు.