ఎవరి పాపం అని అడగనివాళ్ళు

రామచంద్రపురంలో స్పర్శ లేని మచ్చతో వచ్చిన మనిషి ముందుగా మందు గురించి అడగడు. "ఇది నేను చేసుకున్న పాపమాండి, మా పెద్దోళ్ళదా?" అంటాడు. ఆ ప్రశ్నకు కులమతాల తేడా లేదు. కుష్ఠు అన్న మాట నోట రానివ్వరు, 'పెద్దరోగం' అని గొంతు తగ్గించి అంటారు.

యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయంలో పుట్టుగుడ్డివాణ్ణి చూపించి శిష్యులు ఏసును అడిగిందీ అదే. పాపం వీడిదా, కన్నవాళ్ళదా అని. ఎవరిదీ కాదని చెప్పి ఆయన నేల మీద ఉమ్మి, బురద కలిపి, వాడి కళ్ళకు పూస్తాడు. నేను ఆదివారం చర్చికి వెళ్ళేవాణ్ణి కాను. అయినా వైద్యుడిగా నాకు ఆ కథలో నచ్చింది ఆ బురదే. ఎవరిది తప్పన్న వాదన పక్కన పెట్టి, ముందు చెయ్యి వేశాడు.

మా ఊళ్ళో అలా చెయ్యి వేసినవాళ్ళున్నారు. కెనడియన్ బాప్టిస్టు మిషన్ తరఫున 1886లో వచ్చిన ఇసబెల్ హేచ్ అనే దొరసాని 1900 ప్రాంతంలో ఇక్కడ కెల్లాక్ అనే ఆయన పేరిట కుష్ఠు ఆశ్రమం పెట్టించింది. క్రిమిని హాన్సెన్ 1873లోనే పట్టుకున్నాడు గానీ, గట్టిగా పనిచేసే మందు, డాప్సోన్, 1940ల దాకా రాలేదు. అంతవరకూ ఆశ్రమంలో ఎక్కువగా జరిగింది పుండు కడగడం, కట్టు కట్టడం, అన్నం పెట్టడం. నయం కాదని తెలిసీ రోజూ కట్టు మార్చాలంటే మనసుకి ఏదో ఆసరా ఉండాలి. అదే మిషన్‌లో తెలుగువాళ్ళ మధ్య పనిచేసిన జాన్ డేవిస్ దొరకి ఆ జబ్బే వచ్చింది. స్వదేశం చేరి, అందరికీ దూరంగా బతుకుతూ తన కథ చెప్పుకున్నాడు. అది పుస్తకంగా కూడా వచ్చింది.

నా దగ్గరికొచ్చిన వాళ్ళలో కొబ్బరికాయలు ఒలిచే పెద్దాయన ఒకడు. గునపం అరచేతిలో దిగినా తెలియలేదు. రక్తం చూసి పక్కవాడు అరిచాడట. నేను మోచేతి వెనక తడిమితే నరం తాడులా లావుగా తగిలింది. వేళ్ళు రోగంతో కుళ్ళి రాలిపోతాయని జనం అనుకుంటారు. నొప్పి తెలియక తగిలే దెబ్బలే వేళ్ళను తినేస్తాయని వెల్లూరులో డాక్టర్ పాల్ బ్రాండ్ నిరూపించాడు. ఈయనకు పన్నెండు నెలల మాత్రలతో జబ్బు పోయింది. పోయిన స్పర్శ తిరిగి రాలేదు, ఒలుపు పని మానక తప్పలేదు. ఆ తరవాత కొన్నాళ్ళు అరుగు మీద గోడకేసి తిరిగి కూర్చునేవాడని భార్య చెప్పింది.

అలాంటి మనిషి ఇప్పుడు పొద్దున్నే తనలాంటి వాళ్ళ ఇళ్ళకు వెళ్తాడు. బేసిన్లో నీళ్ళు పోసి వాళ్ళ పాదాలు నానబెట్టిస్తాడు. గరుకు చర్మాన్ని రాయితో మెల్లగా రుద్ది, నూనె రాయిస్తాడు. వేళ్ళ సందులు విడదీసి పగుళ్ళు వెతుకుతాడు. మెత్తటి రబ్బరు అట్ట ఉన్న చెప్పులు వేసుకోకపోతే కేకలేస్తాడు. "ఎందుకు తాతా ఇదంతా?" అని అడిగాను. "ఆయ్, దేవుడు నా చేతుల్లో నొప్పి తీసేసేడండి. కళ్ళుంచేడు కదా, చూడమనేనండి," అన్నాడు. చర్చి సంఘంలో ఆయనకు ఏ పదవీ లేదు. చందా పుస్తకం ఆయన చేతికివ్వరు కూడా.

బతుకు ఎందుకన్న ప్రశ్న కష్టంలోనే వస్తుందనుకుంటే పొరపాటే. కువైట్‌లో ఇళ్ళలో పనిచేసి వచ్చిన ఒకామె ఉంది. డాబా కట్టింది, ఇద్దరు పిల్లలకూ పెళ్ళిళ్ళు చేసింది. నిద్ర లేదని వచ్చింది. రక్తపరీక్షలన్నీ బాగున్నాయి. "అన్నీ అయిపోయినాయండి. ఇంకెందుకో తెలవట్లేదు," అంది. దిగులుకు మాత్రలిచ్చాను, పని చేశాయి. కానీ ఆమె లేచి తిరిగింది మాత్రం చర్చి ఆడవాళ్ళతో కలిసి మంచాన పడ్డ ముసలివాళ్ళకు నీళ్ళు పోయడం మొదలెట్టాకే. ఏ నమ్మకమూ లేకుండా బాగుపడ్డవాళ్ళూ నాకు తెలుసు, కాదనను. అయితే ఏ నమ్మకం ఉన్నవాళ్ళయినా, కుష్ఠు దేవుడి శిక్ష అనుకున్నవాళ్ళు మచ్చ దాచుకుంటారు, ఆలస్యంగా వస్తారు, చేతులు పోగొట్టుకుంటారు.

కొత్తగా పెళ్ళయిన పిల్ల ఒకర్తి అలాగే దాచింది. భయపడడంలో తప్పేముంది? 2019 దాకా కుష్ఠు మన చట్టంలోనే విడాకులకు కారణం. చివరికి మందు మొదలెట్టాక, సగం కోర్సులో ఉండగా స్వస్థత కూటానికి తీసుకెళ్ళి, మాత్రలు ఆపమన్నారు. మానేసింది. నరాలు వాచి, చెయ్యి ఎత్తలేని స్థితిలో తిరిగి వచ్చింది. మళ్ళీ మాత్రలు మింగించింది వాళ్ళ ఊరి పాస్టరమ్మ, రోజూ పొద్దున ప్రార్థన అయ్యాక ఎదురుగా నిలబడి. చెయ్యి చాలావరకు నిలిచింది.

అందుకని పాస్టరుగార్లకు, సంఘపెద్దలకు నా మనవి. ప్రార్థన చేయండి, మాత్రలు మాత్రం ఆపించకండి. ఒంటి మీద రంగు తగ్గిన మచ్చ ఉంటే దూదితో తాకి చూడమనండి. తెలియకపోతే దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రికి పంపండి. మందు ఉచితం, జబ్బును బట్టి ఆరు నెలలో పన్నెండు నెలలో వాడితే చాలు.