ముందు గది చూపించండి

హోటల్ బుక్ చేసుకోకుండా విదేశం వెళ్ళాలనే ముచ్చట నాకు చాలా ఏళ్ళుగా ఉంది. ఆఫీసులో రెండు వారాలకో స్ప్రింటు, ప్రతి పనికీ ఒక టికెట్, ప్రతి టికెట్‌కీ ఒక అంచనా. సెలవుల్లో కూడా ఎక్సెల్ షీటు పట్టుకుని తిరగాలంటే చిరాకు. నచ్చిన ఊళ్ళో నాలుగు రోజులుండాలి, నచ్చకపోతే పొద్దున్నే బస్సెక్కేయాలి. ఇదీ నా వాదన. నా భార్య అంతా విని, "సరే, ఈసారి నీ పద్ధతిలోనే వెళ్దాం" అంది. అలా ఒక అక్టోబరులో వియత్నాం వెళ్ళాం.

దేశాన్ని కూడా ఊరికే ఎంచుకోలేదు. మన పాస్‌పోర్టుతో 'ఎక్కడ పడితే అక్కడ' అనేది చాలాచోట్ల కాగితాల దగ్గరే ఆగిపోతుంది. షెంగెన్ వీసాకి ఏ రాత్రి ఎక్కడుంటామో చూపించాలి. అందుకే మనవాళ్ళు క్యాన్సిల్ చేసుకోగల గదులు బుక్ చేసి, వీసా వచ్చాక తీసేస్తుంటారు. వియత్నాం ఈ-వీసా కాస్త నయం. అయినా ఆ ఫారంలోనూ అక్కడి చిరునామా అడుగుతారు. హనోయ్‌లో రెండు రాత్రులకి గది తీసుకుని ఆ అడ్రసు రాసి, మిగతాది గాలికి వదిలేశాను. ('వదిలేశాం' అని రాయబోయి ఆగాను.)

హనోయ్ తర్వాత నిన్ బిన్. సున్నపురాయి కొండలు, వాటి మధ్య వరి పొలాలు, కాళ్ళతో తెడ్లు వేసే పడవవాళ్ళు. ఒక్క రాత్రి అనుకున్నది మూడు రాత్రులైంది. ఇంకో రోజు ఉంటామంటే ఉండమన్నారు. నా సిద్ధాంతం గెలిచేసినట్టే. నాలుగో రోజు హ్యూకి రైలెక్కాం. దాదాపు పదకొండు గంటల ప్రయాణం, మా రైలు ఇంకో రెండు గంటలు ఆలస్యం. దిగేసరికి అర్ధరాత్రి దాటింది. వాన. మధ్య వియత్నాంలో అక్టోబరు, నవంబరు వానల నెలలని నాకు తెలుసు. తెలిసీ పట్టించుకోలేదు.

స్టేషను నుంచి లే లోయ్ వీధి పట్టుకుని నడిచాం. ఎడమ పక్కన పెర్‌ఫ్యూమ్ నది ఉందని మ్యాప్ చెప్తోంది గానీ చీకట్లో ఏమీ కనిపించలేదు. చిన్న హోటళ్ళన్నీ షట్టర్లు దించేసి ఉన్నాయి. లోపల రిసెప్షన్ హాల్లోకి మోటారు సైకిళ్ళు తోసి పెట్టి, పక్కనే మడత మంచం వేసుకుని కుర్రాళ్ళు పడుకుంటారు. మొదటి షట్టరు కొడితే ఒకడు లేచి, చెయ్యి ఊపి లేదన్నాడు. రెండో చోటా అంతే. మూడోది సందులో 'న్యా ఙీ' అని బోర్డున్న ఇల్లు. మాటకి అర్థం విశ్రాంతి ఇల్లనే, కానీ గంటల లెక్కన కూడా గదులిస్తారు. అక్కడి మనిషి మా పాస్‌పోర్టులు రెండూ తీసుకుని సొరుగులో పెట్టుకున్నాడు. విదేశీయుల వివరాలు పోలీసులకి తెలపాలి కాబట్టి ఆ దేశంలో అది మామూలే. పక్క శుభ్రంగానే ఉంది. తల తుడుచుకుని, "చూశావా, దొరికింది!" అని పడుకున్నాను. రెండు నిమిషాల్లో నిద్ర పట్టేసింది.

పొద్దున్న లేచేసరికి తలుపుకి అడ్డంగా కుర్చీ, దాని మీద మా రెండు బ్యాగులు. తను మంచం చివర కూర్చుని ఉంది.

"గొళ్ళెం పడట్లేదు. నువ్వు చూడలేదు."

కోపంగా కాదు, బగ్ రిపోర్టు చదివినట్టు చెప్పింది. కింద ఇద్దరు బీరు తాగుతూ కూర్చున్నారు. మెట్ల మీద లైటు లేదు. ఫోన్లో పన్నెండు శాతం చార్జింగ్. పాస్‌పోర్టులు ఎవరిదో సొరుగులో. ఇవన్నీ నా కళ్ళ ముందు నుంచే వెళ్ళాయి. నాకు గుర్తున్నది వాన ఒక్కటే.

"ఏం కాలేదు కదా" అన్నాను.

"నీకేం కాలేదు. నాకు రాత్రంతా అవుతూనే ఉంది."

యాత్రా పుస్తకాలు చదివి, వాటి మీద అడపాదడపా రాసే అలవాటు నాది. తిరిగొచ్చాక ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్ర మళ్ళీ తీశాను. 1830లో మద్రాసు నుంచి బయల్దేరిన ఆయనకి బోయీలు, గుడారాలు, వెంట పెద్ద పరివారం. అయినా మజిలీ మజిలీకీ ఎక్కడ దిగొచ్చు, నీళ్ళున్నాయా, సరుకులు దొరుకుతాయా అని రాసుకుంటూ పోయాడు. కాలేజీ రోజుల్లో ఆ భాగాలు విసుగనిపించి దాటేసేవాణ్ణి. ఇప్పుడు వాటి దగ్గరే ఆగుతున్నాను. ఈ కాలపు యాత్రా వ్యాసాల్లో, నావీ కలుపుకుని, రాత్రి మొత్తం 'గది దొరికింది' అనే ఒక్క ముక్కలో అయిపోతుంది. ఆ గదిలో ఎవరు మేలుకున్నారో ఉండదు.

ఆ పొద్దున మిగతా ఊళ్ళకి గదులు బుక్ చేసేస్తానన్నాను. తను అక్కర్లేదంది. ఇది నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. నిన్ బిన్‌లో మూడు రోజులు తనకీ నచ్చాయిట. "చీకటి పడ్డాక ఊళ్ళోకి దిగొద్దు. గది నేను చూస్తాను" అని గొడుగు తీసుకుని వెళ్ళింది. ఫోన్లో 'ముందు గది చూపించండి' అని వియత్నామీలోకి మార్పించుకుంది. గంటలో తిరిగొచ్చి సామాను తియ్యమంది.

కొత్త గదికి రెండిళ్ళ అవతల 'కమ్ చై' అని బోర్డు. మన చాయే అనుకుని నేను టీ అడిగాను. చై అంటే అక్కడ శాకాహారమట, అన్నం పెట్టారు. మాంసం ముట్టని మా ఆవిడకి అప్పటిదాకా హోటళ్ళలో తిండి వెతుక్కోవడమే సరిపోయింది. హ్యూలో బౌద్ధుల వల్ల ఇలాంటి కొట్లు బోలెడు. అమావాస్యకీ పౌర్ణమికీ మామూలు జనం కూడా మాంసం మానేసి ఇక్కడికొస్తారు. టోఫూ, పుట్టగొడుగులు, అరటి పువ్వు. వాన తగ్గలేదు, మేమూ కదల్లేదు. నాలుగు రోజులున్నాం. ముందే బుక్ చేసుకుని ఉంటే రెండో రోజే వెళ్ళిపోయేవాళ్ళం. నా పద్ధతి గురించి నేనింకా గట్టిగా చెప్పగలిగేది ఆ నాలుగు రోజుల గురించే.

హోయ్ ఆన్‌లో మధ్యాహ్నం మూడింటికి దిగాం. బ్యాగులతో నేను ఫుట్‌పాత్ మీద నిలబడ్డాను. తను ఒక హోటల్లోకి వెళ్ళి, ఫోను చూపించి, మెట్లెక్కింది. పై అంతస్తులో కిటికీ ఒకసారి తెరుచుకుని మూసుకుంది. ఐదు నిమిషాలకి దిగొచ్చింది.

"బాల్కనీ బాగుంది. బాల్కనీ తలుపే పడట్లేదు" అని పక్క హోటల్ వైపు నడిచింది. నేను బ్యాగులెత్తుకున్నాను.