స్విచ్చి ఎక్కడుందిరా?

అమ్మ ఊర్లో ఇల్లు అద్దెకిచ్చి హైదరాబాద్‌లో మా ఫ్లాట్‌కి వచ్చేసిన మూడో వారంలో, రాత్రి రెండింటికి బాత్రూంకి వెళ్తూ టీపాయి తగిలి పడింది. పెద్ద దెబ్బేం కాదు, మోకాలు దోక్కుపోయింది. "లైటు వేసుకోవచ్చు కదమ్మా" అంటే, "పక్కన పిల్ల పడుకునుందిగా, లేస్తుంది" అంది.

నేను ఇంజినీర్ని కదా, వెంటనే ఓ ఐడియా వచ్చింది. గోడ అడుగున, నేలకి జానెడు ఎత్తులో ఎల్‌ఈడీ స్ట్రిప్ అంటించాలి. మామూలుది కాదు, ఏ బల్బుకా బల్బుని విడిగా వెలిగించగలిగే అడ్రసబుల్ రకం. అమ్మ మంచం దగ్గర్నుంచి బాత్రూం దాకా 5 మీటర్లు, మీటరుకి 60 చొప్పున 300 బల్బులు. వాటిని నడిపే డబ్బా నేనే చేస్తాను.

అడ్రసబుల్ అంటారు గానీ, నిజానికి ఈ డబ్ల్యూఎస్ 2812బి బల్బుల్లో దేనికీ అడ్రసు ఉండదు. పరీక్షల్లో మాస్టారు ప్రశ్నపత్రాల కట్ట ముందు బెంచీకి ఇస్తే, ఒక్కొక్కరూ ఒకటి తీసుకుని మిగతావి వెనక్కి పంపుతారు చూడండి, అచ్చం అలాగే. ప్రతి బల్బూ తన 24 బిట్లు తీసుకుని మిగతా కబురంతా పక్కదానికి అందిస్తుంది. 300 బల్బులకీ కబురు చేరడానికి 9 మిల్లీసెకన్లు చాలు. మధ్యలో ఒకటి చచ్చిపోతే మాత్రం దాని తర్వాతవాటికి కబురు లేదు.

మొదటి రోజు స్ట్రిప్ పిచ్చిపట్టినట్టు మినుకుమంది. డబ్బాలోని ఈఎస్‌పీ 32 బోర్డు 3.3 వోల్టులతో మాట్లాడుతుంది. 5 వోల్టుల మీద నడిచే స్ట్రిప్‌కి కనీసం 3.5 ఉంటే గానీ అది 'ఒకటి' అని నమ్మకంగా అర్థం కాదు. మధ్యలో ఓ చిన్న చిప్ పెట్టాక కుదుటపడింది. తర్వాత తెలుపు రంగు వేసి చూస్తుంటే అమ్మ వచ్చి నిలబడింది.

"అటు చివర్న ఎర్రబడుతోందేంట్రా?"

ఒక్కో బల్బు పూర్తి తెలుపులో 60 మిల్లీ ఆంపియర్లు లాగుతుంది, 300 కలిస్తే 18 ఆంపియర్లు. స్ట్రిప్‌లోని పల్చటి రాగి రేకు అంత మోయలేదు, పోనుపోను వోల్టేజి తగ్గిపోతుంది. నీలానికి ఎక్కువ వోల్టేజి కావాలి కాబట్టి అదే ముందు నీరసిస్తుంది, ఎరుపు మిగులుతుంది. ఇదంతా చెప్తే అమ్మ తేలిగ్గా, "మన శివారు పొలానికి కాలవ నీళ్ళు అందనట్టేగా" అంది. అంతే. చివరికి వేరే లావు వైరు వేసి సోల్డర్ చేశాను, వెలుగు తగ్గించి పెట్టాను. రాత్రి పదింటికి తనంతట తనే వెలిగి, ఆరింటికి ఆరిపోయేలా టైమింగ్ పెట్టాను. ఏదైనా మార్చాలంటే నా ఫోన్‌లో యాప్ ఉంది.

నెల తర్వాత ఆఫీసు పని మీద రెండ్రోజులు బెంగళూరు వెళ్ళాను. ఆ సాయంత్రం కరెంటు పోయి వచ్చింది, రౌటర్ మాత్రం లేవలేదు. నెట్ లేకపోతే డబ్బాకి టైమెంతో తెలీదు. కరెంటు రాగానే భగ్గుమనకుండా, ఆరిపోయే ఉండేలా సెట్ చేసింది నేనే. రెండు రాత్రులూ అమ్మ గోడ పట్టుకుని, అడుగులు లెక్కపెట్టుకుంటూ వెళ్ళొచ్చిందట. ఆ సంగతి మా ఆవిడ గమనించి చెప్పేదాకా నాకు తెలీదు.

"తనని లేపొచ్చు కదమ్మా?"

"లైటు కోసం కోడల్ని లేపుతానా? మనింట్లో అయితే ఎంత చీకట్లోనైనా చెయ్యి పెడితే స్విచ్చి దొరికేది. ఇక్కడ స్విచ్చి ఎక్కడుందిరా? నీ ఫోన్లో ఉంది."

కోపంగా ఏం అనలేదు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది. పుస్తకాల మీద వ్యాసాలు రాసేటప్పుడు "రచయిత ఈ పాత్రని తన ఇష్టప్రకారం నడిపించాడే గానీ, దానికంటూ ఓ ఇష్టం ఉండనివ్వలేదు" లాంటి మాటలు నేను అలవోకగా రాసేస్తుంటాను. కథల్లో ఇట్టే పట్టేసే ఆ తప్పు నా ఇంట్లో, నా చేత్తో సోల్డర్ చేసిన డబ్బాలో కనపడలేదు. ముప్పై ఏళ్ళు తన ఇల్లు తను నడుపుకున్న మనిషికి, వెలుతురు నా పర్మిషన్ మీద వచ్చేలా చేశాను. దానికి కంట్రోల్ బాక్స్ అని పేరు కూడా నేనే పెట్టుకున్నాను.

ఆ ఆదివారం కాలింగ్ బెల్‌కి వాడే నొక్కుడు స్విచ్చి ఒకటి తెచ్చి, అమ్మ పడుకుని చెయ్యి చాపితే అందే ఎత్తులో బిగించాను. దాన్నుంచి రెండు వైర్లు డబ్బాలోకి. ఒకసారి నొక్కితే వెలుగుతుంది, మళ్ళీ నొక్కితే ఆరుతుంది. మొత్తం ప్రాజెక్టులో అన్నిటికంటే చవకైన వస్తువు అదే.

అమ్మ మూడుసార్లు నొక్కి చూసింది. "నువ్వు ఊళ్ళో లేకపోయినా వెలుగుతుందిగా?"

"వెలుగుతుందమ్మా."

ఇప్పుడు ఆ స్విచ్చిని పగలు మా పాప, రాత్రి అమ్మ వాడుతున్నారు. నేను ఆ యాప్ తెరిచి చాలా రోజులైంది.