ఓడ తప్పుకు ఎవరు బాధ్యులు?

1695 సెప్టెంబరులో హజ్ యాత్రికులతో సూరత్‌కు తిరిగివస్తున్న ‘గంజ్-ఇ-సవాయి’ అనే మొగలాయి నౌకను హెన్రీ ఎవ్రీ అనే ఆంగ్లేయ ఓడదొంగ అరేబియా సముద్రంలో కొల్లగొట్టాడు. వార్త తెలిసి సూరత్ పట్టణం అట్టుడికిపోయింది. దొంగ దొరకలేదు, అతని దేశస్థులు మాత్రం ఊళ్లోనే ఉన్నారు. అత్త మీది కోపం దుత్త మీద చూపినట్లు, మొగలాయి అధికారులు ఈస్టిండియా కంపెనీ ఉద్యోగులను నిర్బంధించారు. మరుసటి ఏడు లండన్‌లో ఎవ్రీ అనుచరులు కొందరిని ఉరితీశారు గాని, ఎవ్రీ ఎన్నడూ చిక్కలేదు.

నడిసముద్రంలో అన్యాయం జరిగితే ఎవరిని నిలదీయాలి? నౌకాన్యాయానికి మూలప్రశ్న ఇదే. ఓడ యజమాని ఒక దేశంవాడు, దాని పతాకం మరొక దేశానిది, నావికులు నానాదేశాలవారు. అందుకే న్యాయశాస్త్రం ఒక ఉపాయం కనిపెట్టింది: యజమాని అందకపోతే ఓడనే ప్రతివాదిగా నిలబెట్టి, తగిన హామీ లభించేవరకు రేవులో ఆపివేయడం.

ఈ ఉపాయం మన దేశంలో బలపడటానికి కారణం ఒక తెలుగు రేవు. 1984 ఫిబ్రవరిలో ‘ఎలిజబెత్’ అనే విదేశీ నౌక మార్మగోవాలో సరుకు నింపుకొని, బిల్ ఆఫ్ లేడింగ్ ఇవ్వకుండానే వెళ్లిపోయింది. ఏప్రిల్‌లో అది విశాఖపట్నం చేరగానే ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఉత్తర్వుతో నిర్బంధితమయింది. 1861 నాటి బ్రిటిష్ శాసనం ప్రకారం ఎగుమతి సరుకు తగాదాలో ఆ కోర్టుకు అధికారం లేదని యజమానులు వాదించారు. వలసపాలన నాటి శాసనం దగ్గరే మన న్యాయస్థానాలు ఆగిపోనక్కరలేదని 1992లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అయినా ఆ పాత శాసనం తొలగి, గుజరాత్ సహా మరికొన్ని తీరరాష్ట్రాల హైకోర్టులకు ఈ అధికారాన్ని స్పష్టంగా ఇచ్చే చట్టం రావడానికి 2017 దాకా పట్టింది. మధ్యలో గడిచినవి 156 సంవత్సరాలు!

సాంకేతిక విజ్ఞానం అంతకాలం ఆగదు. సూరత్ చెంత, తాపీనది సముద్రంలో కలిసే హజీరా వద్ద, నేడు మహానౌకలు లంగరు వేస్తున్నాయి. 2020 నుంచి ఘోఘాకు వాహనాలను, ప్రయాణికులను చేరవేసే ఓడ తిరుగుతోంది. ఇక ప్రపంచంలో, ఒడ్డునున్న గదిలో కూర్చుని నడిపే ఓడలు, మనిషి ప్రమేయం లేకుండా దారి ఎంచుకునే ఓడలు ప్రయోగదశలో ఉన్నాయి.

అయితే, ఓడలు ఢీకొనకుండా 1972లో రూపొందించిన అంతర్జాతీయ నిబంధనలలో అయిదవది ప్రతి ఓడా నిరంతరం కంటితోను, చెవితోను కాపలా ఉంచాలంటుంది. ఎవరి కన్ను? ఎవరి చెవి? కెమెరా చూస్తే చాలునా? చీకటిలో చిన్న పడవపై వల వేస్తున్న జాలరికి ఈ ప్రశ్న ప్రాణసమానం. యంత్రం పొరబడితే అతని కుటుంబం ఎవరి వద్దకు వెళ్లాలి? ఓడ యజమాని వద్దకా, తీరాన కూర్చున్న చోదకుని వద్దకా, యంత్రానికి బుద్ధి నేర్పిన సంస్థ వద్దకా?

అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 2021లో తన ఒడంబడికలు పలుటిని పరిశీలించినప్పుడు ముందుగా తేల్చవలసినవిగా కనిపించినవి పాత మాటలే: ‘కెప్టెన్’ అంటే ఎవరు? ‘సిబ్బంది’ అంటే ఎవరు? మన పార్లమెంటు 2025లో ఆమోదించిన కొత్త వాణిజ్య నౌకాయాన చట్టం ‘నౌక’ అనే పదానికి అర్థాన్ని విస్తరించింది. కాని పదాల అర్థం విస్తరిస్తే చాలదు. బాధ్యత ఎక్కడ నిలుస్తుందో తేలాలి.

2017 నాటి చట్టంలో ఒక చక్కని నియమం ఉంది. నిర్బంధించిన ఓడపై హక్కులలో ప్రథమస్థానం నావికుల వేతనాలదే. బలహీనునికి ముందుగా చెల్లించాలన్న ఈ ధర్మం, పనివాడు ఓడపై ఉన్నా, ఒడ్డున గదిలో ఉన్నా, నిలవాలి. 1695లో సూరత్ తీరాన బాధితులు వెతికింది తమకు సమాధానం చెప్పే మనిషి కోసమే. మనుషులు లేని ఓడలు వచ్చిన నాడు కూడ ఆ మనిషి ఎవరో ముందే నిర్ణయించి ఉంచడం చట్టం విధి.